సిడిగల్లు చేలో మా గడప

1 అక్టోబరు 1953, గురువారం

ఈ రోజు నుంచి మేము ఆంధ్ర రాష్ట్రం. ఆలూరులో జెండా ఎత్తి మిఠాయిలు పంచారట. మద్దివంక దాకా ఒక్క బూందీ పలుకు కూడా రాలేదు. వంక అవతల సిడిగల్లు మైసూరు రాష్ట్రమైంది. మా ఇల్లు వంకకు ఇవతల. మా చేను, చేను వెనక గుట్ట, గుట్టలో పందులు అన్నీ అవతల.

పొద్దున చేనికి వెళ్ళి వచ్చాను. వంకలో నీళ్ళు చెప్పులు తడిసేంత కూడా లేవు. రాష్ట్రం దాటడమంటే ఇంతేనా అని నవ్వొచ్చింది. ఇంటికొచ్చి హనుమక్కతో అదే అన్నాను.

"మబ్బు పడతాండాది, మిద్దె మీద కొర్రలు ఎత్తాల, రాష్ట్రం సంగతి తరువాత చూద్దాం రా" అంది.

నా ఇల్లాలికి రాజకీయాలు తెలియవు.

2 అక్టోబరు

సరిహద్దు గురించి నాకేమీ పట్టలేదు. ఇక దాన్ని గురించి రాయను.

18 జనవరి 1954

బళ్ళారి వెళ్ళాను. తుపాకి లైసెన్సు ఆంధ్ర వాళ్ళు కొత్తగా రాసిచ్చారు గానీ, అది వంక అవతల చెల్లదట. సిడిగల్లులో వేటాడాలంటే బళ్ళారి ఆఫీసు వాళ్ళు ఒప్పుకోవాలి. అక్కడి గుమాస్తా పిల్లవాడు, మీసం కూడా సరిగ్గా రాలేదు, నా అర్జీ చదివి, "పంటకు అడ్డం పడే పందిని కొట్టొచ్చు రెడ్డిగారూ, కానీ ఆ ఊళ్ళో కాపురముండే రైతే కొట్టాల. మీరు పరరాష్ట్రం వారు" అన్నాడు.

పరరాష్ట్రం! నేను ఈ బళ్ళారిలో మూడో ఫారం దాకా చదివాను. ఈ కౌల్ బజారులో నాకు తెలియని అంగడి లేదు. నేనేమన్నా మూట కట్టుకుని ఎక్కడికైనా పోయానా? కూర్చున్నవాణ్ణి కూర్చున్నచోటే ఉన్నాను. గీత వచ్చి నా ముందు పడింది.

"సిడిగల్లు వేట మీద మీకేం హక్కుంది?" అని అడిగాడు వాడు. అడిగింది వాడైతే చెమట పట్టింది నాకు. అక్కడ చెప్పవలసింది ఇక్కడ రాస్తున్నాను.

అబ్బాయీ, విను. ఉగాది మరునాడు వర్షతొడకు నాడు సిడిగల్లు నాయకులు, తరతరాల వేటగాళ్ళు, కుక్కల్ని, తప్పెట్లను తీసుకుని గుట్ట ఎక్కుతారు. పందుల్ని లేపుతారు. మొదటి గుండు మా ఇంటిది. మా తాత కాలంలో అది ఈటె, మా నాయన కాలం నుంచి తుపాకి. పడిన పంది తలను తప్పెట్లతో మోసుకొచ్చి మద్దివంకలో మా గడప ముందు పెడతారు. మా ఇంటి ఆడమనిషి దానికి పసుపు కుంకం పెట్టి "పంచుకోండి" అనాలి. ఆ మాట అనేదాకా సిడిగల్లులో ఎవడూ కత్తి ముట్టడు. ఆ తరువాతే ఊరంతటికీ వాటాలు.

ఊరికే వచ్చిన గౌరవం కాదు ఇది. వేటలో ఎవరికి దెబ్బ తగిలినా ఆ ఇంటికి తిండి పెట్టే బరువు మాది. మా తాత ఇచ్చిన మాట. సిడిగల్లు దురుగప్ప తండ్రికి వేటలో కాలు విరిగితే చచ్చేదాకా జొన్నలు మా ఇంటి నుంచే పోయాయి.

ఇదీ నా హక్కు. ఇది చెప్పి ఉంటే వాడు లేచి నిలబడేవాడు.

తూటాలు కొందామని కౌల్ బజారులో సాయిబు అంగడికి పోయాను. "క్యా రెడ్డిసాబ్, అప్పుడే ఉగాది వచ్చేసిందా?" అన్నాడు. ఏమీ కొనకుండా వచ్చేశాను. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. అదొక్కటే ఈ రోజుకి బాగుంది.

19 జనవరి

చేయి వణుకుతోందని హనుమక్క అంటోంది. చలికి.

9 ఫిబ్రవరి

సిడిగల్లు నుంచి ఉచ్చెంగెప్ప వచ్చాడు. వయసులో నాకంటే చాలా చిన్నవాడు. ఊళ్ళోనే ఇల్లు, ఊళ్ళోనే చేను, మైసూరు లైసెన్సుతో తుపాకి. నిరుడు వేటలో రెండో గుండు వీడిదే. పంది మీద రెండు గుండ్ల గాయాలున్నాయని అప్పుడు కొందరు గుసగుసలాడారు. పడగొట్టింది నా గుండే. అనుకునేవాళ్ళను అనుకోనీ.

లోపలికి రమ్మంటే రాలేదు, సిడిగల్లు వేటగాళ్ళెవరూ మా గడప దాటింది లేదు. వాకిట్లోనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రెడ్డీ, ఊరోళ్ళు ఈసారి మొదటి గుండు నన్ను ఏయమంటాండారు. నీకు చెప్పకుండా ఔననల్యా. నువ్వు ఒద్దంటే ఒద్దు."

వాడు కాస్త పొగరుగా మాట్లాడి ఉంటే బాగుండేది. తిట్టడానికి పనికొచ్చేది. మజ్జిగ ఇప్పించి పంపాను.

గుండు చేయి మారినా ఫరవాలేదు, మళ్ళీ తెచ్చుకోవచ్చు. తల విషయం అలా కాదు. ఒక్క ఏడు తల వేరే గడపకు పోతే ఇక ఆ గడపదే. ఇది వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

28 ఫిబ్రవరి

వంక దగ్గర మైసూరు పోలీసులు దారికి అడ్డంగా కర్ర కట్టారు. పక్కన చిన్న గుడిసె. మొన్న ఎవడో రెండు కుందేళ్ళు పట్టుకుని ఇవతలికి వస్తుంటే లాక్కున్నారట. చంపితే తప్పు లేదట, రాష్ట్రం దాటించడమే తప్పట.

ఈ పూట అన్నం సహించలేదు. వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైంది.

14 మార్చి, ఆదివారం

సిడిగల్లు చావడిలో పంచాయతీ. నేను పోకూడదనే అనుకున్నాను. పోయాను.

నాయకుల పెద్ద దురుగప్ప నా ఈడువాడే. చిన్నప్పుడు ఇద్దరం ఒకే గుట్ట మీద తేనెటీగల చేత కుట్టించుకున్నాం. వాడే మొదలుపెట్టాడు.

"రెడ్డీ, కోపం చేసుకోవద్దు. నీ తుపాకి ఈడికి రాదు. పంది తల ఆడికి పోదు. నడుమ మేమేం చేయాల చెప్పప్పా?"

వీరభద్రప్ప ఊళ్ళో అందరికంటే పెద్ద రైతు. లింగాయతు, మాంసం ముట్టడు. అందుకని అందరూ ఆయన వైపు చూశారు, న్యాయం చెప్తాడని.

"నాకు పందీ బేడ, దాని తలా వద్దు" అన్నాడాయన. "నా చేలో జొన్న మిగిలితే అదే చాలు. ఎవరో ఒకరు బేగ కొట్టండి."

"పోయినేడు రెడ్డి గుండుకు..." అని వెనక నుంచి ఎవడో అనబోతే దురుగప్ప కళ్ళతోనే ఆపాడు. వాడు ఆపకపోయినా నాకు కోపం వచ్చేది కాదు. వాడు ఆపినందుకే వచ్చింది.

"ఈ ఏటికి తల ఉచ్చెంగెప్ప గడప ముందర పెడదాం. నీకు వాటా దాచిపెడతాం" అన్నాడు తిప్పన్న. తప్పెట కొట్టేవాడు, మంచివాడే. దాచిపెడతారట! ఇంట్లో అలిగిన పిల్లవాడికి అప్పచ్చి దాచినట్టు.

లేచి నిలబడ్డాను. ఆ తరువాత నోటికి ఏది వస్తే అది.

"మా తాత పేరు మీద చెప్తాండా. తల నా గడపకు రాకపోతే, నా గడపే తల కాడికొస్తాది."

దురుగప్ప తల పైకెత్తి చూశాడు.

"మాట అన్నావు రెడ్డీ" అన్నాడు.

మాటంటే ఏమిటో వాళ్ళకు చూపించాను. వంక దాటుతున్నప్పుడు కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి.

15 మార్చి

అన్నాను, ఏదో కోపంలో. జనానికి వేయి పనులుంటాయి. మరిచిపోతారు.

18 మార్చి

ఎవరూ మరవలేదు. ఆలూరు సంతలో ఎడ్ల బేరగాడొకడు, నాకు ముక్కూ మొహం తెలియనివాడు, "గడప రెడ్డి మీరేనా స్వామీ?" అని అడిగాడు.

19 మార్చి, శుక్రవారం

హనుమక్కకు సంత నుంచి కబురు నాకంటే ముందే వచ్చింది. పొద్దున గడపకు పసుపు పూస్తూ, తలెత్తకుండానే మొదలుపెట్టింది.

"ఈ గడప ఎవరిదప్పా?"

"మనది."

"మనది కాదు. నేను కుడికాలు పెట్టి దాటిన గడప ఇది. ఇన్నేండ్లు ప్రతి శుక్రవారం పసుపు పూసింది నేను, ముగ్గేసింది నేను. ఒక్కనాడన్నా నువ్వు తడిగుడ్డ పెట్టి తుడిచినావా? నువ్వు దాటేదే గాని! నన్ను ఒక్క మాట అడక్కుండా, ఎవడో చావడిలో, నా గడప పీక్కపోతానని చెప్పొస్తావా?"

నా దగ్గర మంచి సమాధానమే ఉంది. అప్పుడు చెప్పలేదు, అంతే.

20 మార్చి

మాటల్లేవు.

21 మార్చి

అన్నం పెట్టింది. మాటల్లేవు.

23 మార్చి

వడ్రంగి పద్మనాభాచారిని పిలిచి ఊరికే చూడమన్నాను. ద్వారబంధం మా తాత చేయించింది, టేకు. కింది గడప మీద ఇత్తడి పూలు. ఆచారి వంగి, వేలితో సందులు తడిమి, "తీయచ్చు సామీ. పైన ఊతకర్రలు పెట్టి, మేకులు ఊడబెరికితే వచ్చేస్తాది. మీకు ధైర్యముంటే నాకేం?" అన్నాడు. లోపల గిన్నె పడిన చప్పుడైంది. గిన్నెలు వాటంతట అవి పడవు.

ఆచారిని పంపించేశాను.

24 మార్చి

ఉగాది దగ్గరికొచ్చేసింది. రేపు సిడిగల్లు పోయి, నా వల్ల కాదని చెప్పేస్తాను. మనిషన్నాక ఒక మాట వెనక్కి తీసుకుంటే కొంపలేమీ మునగవు. తాత ఎక్కడున్నాడో, ఏమనుకుంటాడో. ఏమీ అనుకోడు. చచ్చిపోయిన వాళ్ళకు ఈ గొడవలుండవు.

ఛీ. ఇది నా చేతి రాతేనా?

25 మార్చి

పోలేదు. పోబోతుంటే బసవమ్మ వచ్చింది.

బసవమ్మ సిడిగల్లు ముసలమ్మ. మొగుడు మా నాయన ఉన్న రోజుల్లో వేటలో పంది కోరకు పోయాడు. అప్పటి నుంచి ఆమెకు జొన్నలు, ఉగాదికి చీర మా ఇంటి నుంచే. ఆ కర్ర అడ్డం కింద వంగి దాటి, వంక దాటి, ఎండలో ఒక్కతే వచ్చింది. నన్ను చూసి దండం పెట్టి, నేరుగా హనుమక్క దగ్గరికి పోయింది. గడపకు అవతల, వాకిట్లో కూర్చుంది. హనుమక్క లోపల కూర్చుంది. నేను పక్క గదిలో ఏదో వెతుకుతున్నాను.

"అక్కా, తల ఉచ్చెంగెప్ప గడపకు పోతాదంట గదా. నేనింక ఏ గడపకు రావాల?"

"ఈడికే రా. ఎవరొద్దన్నారు?"

"ఎట్ల వస్తానమ్మా? తల ఆడ, తిండి ఈడనా? ఉచ్చెంగెప్ప మంచోడే. వాని పెండ్లాం కూడా మంచిదే. కానీ వాళ్ళు నన్ను ఎరగరు. నా మొగుడు పోయింది మీ ఇంటి వేటలో, వాళ్ళ వేటలో కాదు. వాళ్ళను నేనేమని అడిగేది?"

హనుమక్క లేచి జొన్నలు కొలిచి మూట కట్టింది. బసవమ్మ పోయాక హనుమక్క నా గది గుమ్మం దగ్గర నిలబడింది.

"వెతికేది దొరికిందా?"

"ఇంకా లేదు."

"ఆచారిని రమ్మను. కానీ ఒకటి చెప్తాండా. గడప పోతే నేనూ పోతా. ఆడ దానికి పసుపు పూసేది, పంచుకోండనేది మీ మగోళ్ళ చేత అయితాదా?"

వేటకు ఆడవాళ్ళు రావడం మా వంశంలో లేదు. ఆ మాట అనబోయాను. ఆమె మొహం చూసి, "సరే" అన్నాను.

బసవమ్మ సంగతి నేను ముందే ఆలోచించాను. చెప్పలేదు, అంతే.

3 ఏప్రిల్, శనివారం

ఆచారి గడప తీశాడు. రెండు చేతులా పట్టుకుని లాగినప్పుడు అది కీచుమంది. హనుమక్క కొంగు నోట్లో పెట్టుకుంది. కింద మట్టిలో ఒక చిల్లి కాసు, ఎండిన పసుపు కొమ్ము కనబడ్డాయి. ఎవరు ఎప్పుడు పెట్టారో. హనుమక్క వాటిని మళ్ళీ అక్కడే పెట్టించింది.

వాకిలి బోసిగా ఉంది. కోడిపెట్ట దర్జాగా లోపలికి నడిచి వచ్చింది.

4 ఏప్రిల్, ఉగాది

జయ నామ సంవత్సరం. జయం మనదే.

5 ఏప్రిల్, వర్షతొడకు

పొడుగ్గా రాయాలి. మరిచిపోయేదంటూ ఏమీ లేదు గానీ రాయాలి.

తెల్లవారగానే బండి కట్టాం. గడపను కొత్త గుడ్డలో చుట్టి బండిలో పడుకోబెట్టారు. దాని పక్కన హనుమక్క, పసుపు గిన్నె ఒళ్ళో పెట్టుకుని. నేను ముందు నడిచాను. తుపాకి ఇంట్లోనే గోడకుంది. భుజం మీద ఏ బరువూ లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కర్ర అడ్డం దగ్గర పోలీసు ఆపాడు. గుడ్డ తొలగించి చూశాడు.

"ఏన్రీ ఇది?"

"గడప."

"ఏం గడప?"

"మా ఇంటిది."

"ఎందుకు తీసుకపోతాండారు?"

"వేటకు" అన్నాను.

వాడు గడపను చూశాడు, నన్ను చూశాడు, హనుమక్కను చూశాడు. గుడిసెలోకి పోయి ఇంకో పోలీసును పిలుచుకొచ్చాడు. వాడూ చూశాడు. కుందేలు, పంది, తుపాకి, బియ్యం, అన్నిటికీ వాళ్ళ దగ్గర రూలుంది. గడపకు లేదు. పెద్దవాడు తల గోక్కుని, "అమ్మా, ఇల్లు మిగిలిందా?" అని హనుమక్కను అడిగాడు.

"మిగిలిందప్పా, వెనక వస్తాండాది" అంది నా ఇల్లాలు.

కర్ర ఎత్తారు. నేను నవ్వలేదు. గంభీరంగా నడిచాను.

మా చేలో జొన్న కోసేశారు, కొయ్యకాళ్ళు మిగిలాయి. రెండు రాళ్ళు పరిచి గడప దించాం. ఎటు తిప్పాలి అని తిప్పన్న అడిగాడు. ఇంటి దగ్గర తూర్పు మొహం, ఇక్కడా తూర్పే అన్నాను. హనుమక్క పసుపు పూసి, కుంకం పెట్టి, ముగ్గు వేసింది. అప్పటికి ఊరు ఊరంతా వచ్చింది, వీరభద్రప్పతో సహా. ఆయన ముక్కుకు తుండు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. పంది ఇంకా పడనేలేదు.

అందరూ గడపకు తూర్పున నిలబడ్డారు. నేనూ హనుమక్కా పడమర పక్క.

ఉచ్చెంగెప్ప తుపాకి తెచ్చి నా ముందు నిలబడ్డాడు. నేను దాన్ని పట్టుకోలేదు, వాడి చేతుల్లో ఉండగానే గొట్టానికి కుంకం పెట్టాను. "మొదటి గుండు నువ్వు వెయ్" అన్నాను. వాడు వంగి నా కాళ్ళు ముట్టుకున్నాడు. ఈ ముక్క స్పష్టంగా ఉండాలి. వాడు తీసుకోలేదు. నేను ఇచ్చాను.

వాళ్ళు గుట్ట ఎక్కారు. నేను కింద ఉండిపోయాను. మీసం రాని రోజుల నుంచి ఒక్క వర్షతొడకు కూడా నేను గుట్ట కింద లేను. తప్పెట్లు మోగాయి, కుక్కలు అరిచాయి. ఆ అరుపు ఎటు నుంచి ఎటు పోతోందో నాకు తెలుస్తూనే ఉంది. ఇప్పుడు బండల సందులో. ఇప్పుడు వాలు దిగుతోంది. ఇప్పుడు. గుండు పేలింది.

రెండోదాని కోసం చూశాను. రాలేదు. ఒక్క గుండుకే పడింది.

గాలి అనుకూలంగా ఉండింది ఈ రోజు.

హనుమక్క నా వైపు చూడకుండా, నా చెయ్యి మీద చెయ్యి వేసింది. ఊరంతా చూస్తుండగా. వణుకు ఆగింది. ఇది కూడా రాస్తున్నాను, ఎవరు చదువుతారని?

తల వచ్చింది. ముందు తప్పెట్లు, వెనక దురుగప్ప, తల మీద తల. పెద్ద కోరలు. దురుగప్ప మోకాళ్ళ మీద వంగి, గడపకు ముందు, మా తాత నాడు ఎక్కడ పెట్టేవారో అంత దూరంలోనే పెట్టాడు. "రెడ్డీ, తల నీ గడపకొచ్చింది" అన్నాడు, గొంతు గట్టిగా, గుట్టకు వినబడేటట్టు. హనుమక్క పసుపు కుంకం పెట్టింది.

"పంచుకోండి" అంది.

గర్వంగా ఉంది. ఇన్నేళ్ళూ గర్వంగానే ఉండేది గానీ, ఈ రోజు ఉన్నంత ఎప్పుడూ లేదు. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. పొగ అన్నాను. అప్పటికి ఇంకా పొయ్యి అంటించలేదు.

ప్రతి ఏడూ ఈ మాట అయ్యాక వాళ్ళు సిడిగల్లు పోయి తినేవాళ్ళు, మేము లోపలికి పోయి తినేవాళ్ళం. ఈసారి అక్కడే చేలో పొయ్యిలు పెట్టారు. కూర ఉడికింది. అవతల బారులు తీరి కూర్చున్నారు. గడప పొట్టిది, చేను పొడుగుది. ఎటు పక్క నుంచైనా చుట్టి ఇవతలికి రావచ్చు. ఒక్కరూ రాలేదు. కుక్క వచ్చింది, దాన్ని కూడా తిప్పన్న అదిలించి పిలుచుకున్నాడు.

హనుమక్క మెల్లగా అడిగింది. "యాడ తింటావప్పా? ఇంట్లోనా, బయటనా?"

వెనక్కి తిరిగి చూశాను. ఇల్లు లేదు. కొయ్యకాళ్ళు, దూరంగా వంక, దాని అవతల మా ఊరి మిద్దెలు చిన్నచిన్నగా. గడప వెనక నేనూ, మా ఆడమనిషీ, ఎండా.

ముందు చూశాను. ఊరంతా అటే ఉంది.

కాలెత్తి గడప దాటాను. దురుగప్ప పక్కన కూర్చున్నాను. వాడు కాస్త జరిగాడు, నా ముందు ఆకు వేశాడు. హనుమక్క పోయి బసవమ్మ పక్కన కూర్చుంది. ఉచ్చెంగెప్ప వడ్డించాడు. నా ఆకులో రెండు ముక్కలు ఎక్కువ పడ్డాయి, నేను చూడనట్టు ఉన్నాను.

"మా నాయన చెప్తా ఉండె" అన్నాడు దురుగప్ప, నములుతూ. "మీ గడప లోపల చల్లగుంటాదంట గదా."

"ఈ పక్కే బాగుండాది" అన్నాను.

తిరిగి బయలుదేరేటప్పుడు ఆచారి మనిషి గడపను ఎత్తబోతే హనుమక్క వద్దంది.

"ఈడే ఉండనీ. ఏటేటా మోసుకొచ్చేది, ఆ పోలీసోనికి చెప్పుకునేది ఎవరి చేత అయితాది? శుక్రవారం శుక్రవారం బసవమ్మ పసుపు పూస్తాది. జొన్నలు ఈడికే పంపిద్దాం."

బసవమ్మ అప్పటికే గడప మీద పడిన బూడిద కొంగుతో తుడుస్తోంది.

6 ఏప్రిల్

ఒళ్ళు నొప్పులు. కూర అరగలేదు. ఆనందంగా ఉంది.

12 ఏప్రిల్

కొత్త గడపకు ఏ చెక్క కావాలని ఆచారి అడిగాడు. టేకు, ఇత్తడి పూలతో, పాతదానిలాగే అన్నాను.

"ఏదో ఒకటి పెట్టప్పా" అంది హనుమక్క. "అసలుది అవతల ఉండాది."

19 ఏప్రిల్

బళ్ళారి నుంచి జవాబు. నా అర్జీ తోసేశారు. సిడిగల్లులో కాపురం లేదు కాబట్టి, పరరాష్ట్రవాసిని కాబట్టి.

చించేయబోయి ఆగాను. మళ్ళీ రాస్తాను. అయ్యా, నా ఇల్లు ఆంధ్రలో ఉంది, నా గడప మీ మైసూరులో ఉంది. నేను ఏ రాష్ట్రం వాణ్ణో మీరే వచ్చి తేల్చండి. వచ్చేటప్పుడు వర్షతొడకు నాడు రండి, కూర పెడతాం.

20 ఏప్రిల్

ఆచారి ఇంకా రాలేదు. వాకిలి బోసిగానే ఉంది.

పొద్దున చేను నుంచి వచ్చి ఇంట్లోకి అడుగు పెడుతూ కాలు పైకెత్తాను. అక్కడ ఏమీ లేదు. ఇంత వయసొచ్చి ఇదేం అలవాటని నన్ను నేనే తిట్టుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే, నీళ్ళ బిందెతో వస్తున్న హనుమక్క కూడా సరిగ్గా అక్కడే కాలు ఎత్తి దాటింది. ఆమె నన్ను చూసింది, నేను ఆమెను చూశాను.